మా దండేల మీద గాలి లెక్క

ఈ సంగతి ఇప్పుడే రాసి పెట్టకపోతే ఇంకొన్నాళ్ళకు జరిగింది జరిగినట్టు మిగలదని నాకు భయం పట్టుకుంది. మొన్న పాకాలలో బంధువుల పెళ్ళికి వెళితే, భోజనాల తరవాత మా చిన్నమ్మ పదిమందిని కూర్చోబెట్టుకుని ఈ కథే చెబుతోంది. ఆమె కథలో మసి కలెక్టరు గారి చొక్కా మీద పడింది. శ్రీహరికోటలో రాకెట్లు ఎగరేసేవాళ్ళు చేతిలో పని ఆపి, నాకు ఫోను చేసి తిరుచానూరులో గాలి ఎటు వీస్తోందో చెప్పారు. వింటున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగి చూశారు. నేను కాదనలేకపోయాను (కాదనాలన్న కోరిక మనసులో గట్టిగా లేదు కూడా). ఇంటికొచ్చాక మాత్రం, ఇంకో నాలుగు పెళ్ళిళ్ళు అయ్యేసరికి ఇందులోకి ప్రధానమంత్రి కూడా వచ్చేస్తాడనిపించి, కాగితం ముందు కూర్చున్నాను. ఇందులో కలెక్టరు లేడు. రాకెట్టు లేదు. ఉన్నవి దుప్పట్లు, గాలి, కొన్ని పార్టీ జెండాలు, ఒక బేకరీ పొయ్యి.

ఆ రోజుల్లో గాలి గురించి మా ఇంట్లో ఉన్న జ్ఞానమంతా ఒక్క ప్రశ్నలో పట్టేది, ఈ పూట దుప్పట్లు ఆరతాయా ఆరవా అని. తిరుచానూరు అమ్మవారి దర్శనానికి వచ్చేవాళ్ళు దిగే ఒక పెద్ద లాడ్జీకి దుప్పట్లూ దిండు కవర్లూ ఉతికే పని మా అమ్మది, చిన్నమ్మది. నాయన పొద్దున్నే మోపెడ్ మీద మూట తెచ్చేవాడు, సాయంత్రం మడతలు తీసుకుపోయి అప్పజెప్పేవాడు. ఇల్లు గడిచేది ఆ మూట మీదే. ఊరి చివర ఒక బయలులో మా దండేలు కట్టుకున్నాం. అక్కడ నిలబడితే పడమటి పక్క కొబ్బరి చెట్లు, వాటి వెనక రెండు వీధులు, ఇంకా వెనక కొండ. తూర్పు పక్క ఒక గోడ, ఆ గోడకవతల రొట్టెల భాయి బేకరీ. ఇక నేను. ఇంటర్ తరవాత చదువు ఆగిపోయి, పొద్దున అమ్మ వెంట దుప్పట్లు జాడించి ఆరేసి, మధ్యాహ్నం అన్నం తినగానే శాఖా గ్రంథాలయానికి పరుగెత్తేదాన్ని. సైన్సు అరలో ఉన్న పుస్తకాలన్నీ చదివేశానని గర్వంగా చెప్పుకునేదాన్ని (ఆ అర చిన్నదని ఎవరికీ చెప్పేదాన్ని కాదు). ఇంట్లో పాలు ఎందుకు పొంగుతాయో, మెరుపు తరవాతే ఉరుము ఎందుకు వినపడుతుందో అడగకపోయినా వివరించేదాన్ని. మా చిన్నమ్మ ఉరుము వినగానే లేచి పక్క గదిలోకి పోయేది, పిడుగు భయంతో కాదు, నా వివరణ భయంతో.

మాఘమాసంలో మా దుప్పట్ల మీద నల్లటి పీచులు పడడం మొదలైంది. వెంట్రుక ముక్కల్లా సన్నగా, వంకర్లు తిరిగి ఉండేవి. చేత్తో దులిపితే పోవు, సాగి గీతలా అంటుకుంటాయి. రోజూ పడవు. రెండు రోజులు పడి, నాలుగు రోజులు ఆగి, మళ్ళీ పడతాయి. ఒక రోజు లాడ్జీ మేనేజరే స్కూటర్ మీద వచ్చి, ఒక దుప్పటి తీసి అమ్మ ముందు పరిచాడు.

“ఇది సూడమ్మా. దేవుడి దగ్గిరికి వచ్చినోళ్ళకు దుప్పట్లిస్తాండామా, బొగ్గుల గోనెలిస్తాండామా?”

“రెండు మార్లు ఉతికినా సారూ. నా సేతులు సూడండి,” అంది అమ్మ.

“సేతులు సూసి ఎవురూ గదులు తీసుకోరమ్మా. తిరపతిలో మిషన్లు పెట్టినోళ్ళు రోజూ ఫోన్ సేస్తాండారు. మా సారు ఆడికే పంపేయమంటాండాడు. నీ మొగం సూసి ఈ నెలాకరు దాకా ఆపినా. ఆ తర్వాత నా సేతుల్లో ఉండదు.”

ఆయన చెడ్డవాడు కాదు. అదే ఇంకా భయం వేసింది. చెడ్డవాడైతే బెదిరిస్తున్నాడని అనుకోవచ్చు. స్కూటర్ మలుపు తిరగ్గానే చిన్నమ్మ గోడ దగ్గరికి నడిచింది. ఆమెకు అనుమానం లేదు. సాయంత్రం మేం దుప్పట్లు తీసేవేళకు భాయి రెండో మారు పొయ్యి అంటించేవాడు, ఆ వాసన నేరుగా మా బయలులోకి వచ్చేది. దుప్పటి మీద మచ్చలు, ముక్కులో పొగ, రెండూ ఒకే వేళకు. ఇంకేం కావాలి.

“భాయీ, నీ పొయ్యి మా మూటకు నిప్పు పెడతాండాది,” అంది గోడ మీదుగా.

భాయి పిండి చేతులతో తొంగి చూశాడు. “అరె, మా అబ్బా కాలం నుంచి ఈడనే ఉండాది గదమ్మా పొయ్యి. అప్పుడు పడని మసి ఇప్పుడెట్లా పడతాది? నేనేసేది మామిడి కట్టెలు. వచ్చి సూసుకో.”

“కట్టెల్లో ఏం కలుపుతాండావో ఎవురికి తెలుసు. పంచాయతీలో కాయితం పెడతా. వాళ్ళే వచ్చి సీలేస్తారు.”

భాయి మొహం చిన్నబోయింది. ఆయన ఆదివారం పేపరు అనుబంధాలు రొట్టెలు చుట్టకుండా నా కోసం దాచి పెట్టేవాడు. ఆ మొహం చూసి నాకు ఉండబట్టలేదు. “ఆగు చిన్నమ్మా. మసి యాడ్నించి వస్తాందో నేను కనుక్కుంటా,” అన్నాను.

“ఎవుర్నడిగి?”

“గాలినడిగి.”

చిన్నమ్మ అమ్మ వైపు చూసి, “నీ కూతురికి ఈ మధ్య తలకు నీళ్ళు పట్టినాయి, సరిగ్గా తుడుసుకోవడంలా,” అంది.

గ్రంథాలయంలో వాతావరణం మీద ఒక పాత పుస్తకం ఉంది. అందులో ఒక అధ్యాయం నాకు కంఠతా వచ్చు. ఒక చోట పొగో దుమ్మో పడుతుంటే, అది పడిన రోజుల్లో గాలి ఏ దిక్కు నుంచి వచ్చిందో గుర్తు పెట్టుకుంటూ పోవాలి. ఒక గుండ్రం గీసి, గాలి ఎక్కువగా వచ్చిన దిక్కుకు పొడుగు రేక, తక్కువగా వచ్చిన దిక్కుకు పొట్టి రేక గీయాలి. చివరికి అది పువ్వులా కనిపిస్తుంది. పొడుగు రేక ఎటు చూపిస్తే అటు నడిచి వెళితే దొంగ దొరుకుతాడు. ఇంత తేలికైన సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదే అని నాకు జాలేసింది. ఫోనులో చూస్తే గాలి వివరాలు ఉన్నాయి గానీ, అవి తిరుపతి మొత్తానికీ కలిపి ఒక్క గాలి. కొండ కింద ఉన్న మా బయలుకు దాని గాలి దానికి ఉంటుంది. అందుకని అట్టముక్కతో ఒక బాణం చేసి వెదురు కర్రకు గుచ్చి నిలబెట్టాను. అర పూట కాకముందే ఒక కాకి దాని మీద కూర్చుని, గాలితో సంబంధం లేకుండా తనకు ఇష్టమైన దిక్కుకు తిప్పడం మొదలుపెట్టింది.

అప్పుడు తల పైకెత్తి చూశాను. పంచాయతీ ఎలక్షన్ల కాలం. జెండా లేని మిద్దె లేదు. రెండు పార్టీలవాళ్ళూ పోటీ పడి, నా శాస్త్రం కోసమే అన్నట్టు, ప్రతి వీధిలోనూ గాలిని చూపించే గుడ్డలు కట్టి పెట్టారు. పుస్తకం రాసినాయనకు కూడా ఇంత సదుపాయం ఉండి ఉండదు. మర్నాటి నుంచి పొద్దున ఒక మారు, సాయంత్రం ఒక మారు కాగితం పెన్సిలు పట్టుకుని వీధులన్నీ తిరిగి, ఏ మిద్దె మీద జెండా ఎటు ఎగురుతోందో రాసుకోవడం మొదలుపెట్టాను. ఎలక్షన్లప్పుడు ఒక ఆడపిల్ల ఇంటింటి జెండా చూసి కాగితం మీద ఏదో రాసుకుంటూ పోతే చూసేవాళ్ళకు ఎలా ఉంటుందో నా పుస్తకంలో రాయలేదు. కొన్నాళ్ళకు టీ అంగడి దగ్గర ఒక పార్టీ కుర్రాళ్ళు నా దారికి అడ్డంగా బైకు నిలిపారు. వాళ్ళలో గడ్డం ఉన్నవాడు చెయ్యి చాచాడు.

“ఏదమ్మా, ఆ కాయితం ఇట్లియ్యి. ఎవురి మిద్ది మీద ఎవురి జెండా ఉండాదో రాసుకుంటాండావంటనే.”

“జెండా ఎవురిదో నేను సూడలేదన్నా. ఎటు ఎగర్తాందో సూసినా.”

“ఎటు ఎగిరితే నీకేం?” అని కాగితం లాక్కుని, పైనున్న పొద్దుటి వరస చదివాడు. “పడమర. పడమర. పడమర. మళ్ళా పడమర. ఏందిరా ఇది?”

వెనక ఉన్నవాడు కళ్ళు చిన్నవి చేశాడు. “పడమటి వీధోళ్ళంతా అవతలోళ్ళకి వేస్తారని లెక్కనుకుంటా. ఎవురు పంపినారో అడుగన్నా.”

గాలికి దిక్కు పేరు అది వచ్చే వైపును బట్టి పెడతారని వివరించబోయాను. సగంలో ఆపేశాను, వాళ్ళ మొహాలు ఇంకా బిగుసుకుంటున్నాయి. జనం చేరుతున్నారు. కాగితం చింపేస్తే నా లెక్కంతా పోతుంది, నెలాఖరు దగ్గర పడుతోంది. అంతలో సాయంత్రం మూట అప్పజెప్పి వస్తున్న నాయన మోపెడ్ ఆపాడు.

“ఏమప్పా, నా కూతురప్పా. దుప్పట్ల మీద మసి పడతాంటే గాలి సూసుకుంటాంది.”

“మసి కోసమా?” గడ్డమాయన కాగితాన్ని తలకిందులుగా కూడా ఒక మారు చూసి, నాకు తిరిగి ఇచ్చాడు. “ముందే సెప్పొచ్చు గదమ్మా. మాది సరిగ్గా ఎగర్తాందా, లేదంటే కర్రకు సుట్టుకుంటాందా?”

“మీది సుట్టుకుంటాందన్నా. అవతలోళ్ళది బాగా ఎగర్తాంది,” అన్నాను, నిజం చెప్పాలి కదా అని. ఆ సాయంత్రమే వాళ్ళు వీధి వీధీ తిరిగి చుట్టుకున్న జెండాలన్నీ విప్పారు. సంగతి తెలిసి రెండోవాళ్ళు ఇంకా పొడుగు కర్రలు కట్టారు. నా లెక్క మరింత చక్కగా వచ్చింది.

చక్కగా రావడమే చిక్కైంది. జెండాల ప్రకారం పొద్దున పూట గాలి పడమటి నుంచి, కొండ వైపు నుంచి దిగుతోంది. మధ్యాహ్నం దాటాక తిరగబడి తూర్పు నుంచి వస్తోంది. నా పువ్వుకు రెండు పొడుగు రేకలు వచ్చాయి, ఒకటి అటు, ఒకటి ఇటు. దొంగ ఏ రేక చివర ఉన్నాడో తేల్చడానికి నేను ఇంకో గుర్తు పెట్టుకున్నాను. గాలి ఎటు నుంచి వస్తే దుప్పటికి ఆ పక్క మొహం మీదే మసి ఎక్కువ అంటుకోవాలి. గ్రంథాలయం నుంచి వచ్చాక ప్రతి సాయంత్రం దండేల మధ్య తిరిగి చూసేదాన్ని. మసి పడిన ప్రతి రోజూ మచ్చలు తూర్పు మొహం మీదే ఉన్నాయి. బేకరీ వైపు. మళ్ళీ చూశాను, మళ్ళీ అదే. నాకు ఈ జవాబు వద్దు. కానీ వద్దనుకున్న జవాబును దాచేవాళ్ళు శాస్త్రజ్ఞులు కారని ఎక్కడో చదివాను, ఆ వాక్యం ఆ వారమంతా నన్ను నిద్ర పోనివ్వలేదు.

నెలాఖరుకు ముందు ఒక మధ్యాహ్నం అందరినీ బయలుకు పిలిచాను. మేనేజరు అన్నం తిని స్కూటర్ మీద వచ్చాడు. భాయి బేకరీ కుర్రాడికి అప్పజెప్పి గోడ చుట్టూ తిరిగి వచ్చాడు. అమ్మ, చిన్నమ్మ, నాయన. గోడకు నా పువ్వు బొమ్మ అతికించి, పక్కనే ఆ రోజు మసి పడిన దుప్పటి దండెం మీద ఉంచి, నేను మొదలుపెట్టాను. “సభకు నమస్కారం. కాలుష్య కారకం ఏ దిశ నుండి వ్యాపిస్తున్నదో నిర్ధారించుటకు...”

“తెలుగులో సెప్పు మే,” అంది చిన్నమ్మ.

తెలుగులో చెప్పాను. పొద్దుటి గాలి, సాయంత్రం గాలి, జెండాలు. చివరికి దుప్పటి దగ్గరికి వచ్చాను. మచ్చలు తూర్పు మొహం మీద ఉన్నాయని చూపించాను. ఆ తరవాతి వాక్యం నోట్లోంచి రాలేదు. రావాల్సిన అవసరం లేకపోయింది, అందరూ ఆ మొహం ఎటు చూస్తోందో చూశారు. మేనేజరు గోడవతలి పొగ గొట్టం చూశాడు. చిన్నమ్మ “నేను సెప్పలేదా” అని కూడా అనలేదు, అంటే నాకు కొంచెం తేలికయ్యేది.

భాయి తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. “బేటీ, చిన్నమ్మ చెప్తే నేను కొట్లాడతా. పంచాయతీవాళ్ళు చెప్తే కాళ్ళు పట్టుకుంటా. నువ్వు చదివినదానివి. నువ్వు లెక్కేసి చెప్తాండావంటే నిజమే అయ్యుంటాది. నాకే తెలీకుండా ఏందో పోతాందేమో లోపల్నించి. రేపు నేను పొయ్యి ఆర్పేస్తా.”

అప్పటిదాకా నా చదువును ఇంట్లో ఎవరూ నమ్మలేదని నాకు కోపంగా ఉండేది. ఒక మనిషి పూర్తిగా నమ్మితే ఎలా ఉంటుందో ఆ నిమిషం తెలిసింది. చేతులు ఏం చేయాలో తెలియక దండెం దగ్గరికి జరిగి, ఆ దుప్పటి క్లిప్పులు తీసి, జాడించి, తిరగేసి, మళ్ళీ క్లిప్పులు పెట్టాను.

మేనేజరు ముందుకు వంగాడు. “ఇదేందమ్మా. మచ్చలు ఇప్పుడు ఆ పక్కకు పోయినాయే.”

నేను నా చేతుల వైపు చూసుకున్నాను. మా ఇంట్లో ఎండ నడినెత్తి దాటగానే దుప్పటి తిరగేస్తాం. ఒక మొహం ఆరాక రెండో మొహానికి ఎండ తగలాలి కదా. ఎవరు దగ్గర ఉంటే వాళ్ళు తిరగేస్తారు. ఇది పని అని కూడా మేం అనుకోం, చెమట తుడుచుకున్నట్టు చేసేస్తాం. ప్రతి రోజూ అన్నం తిని గ్రంథాలయానికి పరుగెత్తే ముందు సగం దండేలు తిరగేసేది నేనే. తల పుస్తకంలో, చేతులు దుప్పటి మీద. సాయంత్రం వచ్చి, నేనే తిప్పిన మొహం మీది మచ్చలు చూసి తూర్పు అని రాసుకునేది కూడా నేనే.

“నేనే తిప్పినా,” అన్నాను. “అంటే మసి పడేది మధ్యాన్నం కంటే ముందు. పొద్దున. పడమటి మొహం మీద.” భాయి వైపు తిరిగాను. “భాయీ, పొయ్యి ఆర్పొద్దు.”

భాయి పకపకా నవ్వాడు, తలపాగా కింద పడిపోయేంతగా. నాకు నవ్వు రాలేదు, పువ్వు బొమ్మలో పొద్దుటి రేక వెంట వేలు పెట్టి చూస్తున్నాను. కొబ్బరి చెట్లు, రెండు వీధులు, ఆ తరవాత? మసి పడిన రోజుల్లో నాకు మెలకువ ఎలా వచ్చేదో అప్పుడు గుర్తొచ్చింది. మేళం వినపడి వచ్చేది. మసి లేని రోజుల్లో మేళం లేదు. మాఘమాసం, ముహూర్తాలు. మేళాన్ని మోసుకొచ్చే గాలే మసినీ మోసుకొస్తోంది. “ఆ రేక సూపించే పక్క ఉండేది కల్యాణ మండపం,” అన్నాను.

మేనేజరు అమ్మనడిగి ఒక చెంబు నీళ్ళు తాగాడు. “మండపం వెనక పొగ లేస్తే లేస్తాదమ్మా. మా దుప్పట్ల మీద పడేది అదేనని ఎవురు సెప్పాల? ఆదివారం పొద్దున వస్తా. నా కండ్ల ముందర పడాల. పడకపోతే సోమవారం మూట రాదు.” స్కూటర్ రెండు మార్లు తన్నినా స్టార్ట్ కాలేదు. ఆయన వెళ్ళాక అమ్మ చెప్పింది, ఆ మండపమూ లాడ్జీ ఓనరుదే. ఆ సంగతి అందరికీ తెలుసు, పుస్తకాల్లో ఉండదు కాబట్టి నాకు తెలియదు. అంటే దుప్పట్లు మురికి అయ్యాయని మా మూట ఆపేయమంటున్న సారే, ముందు రాత్రి భోజనాల ప్లాస్టిక్ పళ్ళేలూ అలంకరణ గుడ్డలూ పొద్దున్నే కాల్పిస్తున్నాడేమో. నాయన ఒక మారు మండపం దాకా పోయి చూసొచ్చాడు. ఎత్తు గోడ, గేటు, “ఈడేం కాల్చట్లా, పోప్పా” అనే వాచ్‌మన్.

“వద్దులే మే,” అంది చిన్నమ్మ ఆ రాత్రి. గొంతులో ఎకసెక్కం లేదు. “ఆయన తప్పని రుజువు సేసి, ఆయన దగ్గిరే మూట అడుగుతామా?”

అమ్మ పొయ్యిలో కట్టె సర్దింది. “రుజువు సెయ్యకపోతే పోయేది భాయి పొయ్యి. ఆయప్ప ఆర్పేస్తానన్నాడు. అట్లా వచ్చిన మూట నేనెట్లా ఉతకాల,” అంది. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఆదివారం తెల్లవారకముందే మేళం వినపడింది. ముందు రోజు రాత్రి రిసెప్షను కూడా జరిగింది, కాల్చడానికి కావలసినంత ఉంటుంది. కాలుస్తారో, మేనేజరు ముందే చెప్పేసి ఆపించాడో తెలియదు. మేం అన్నిటికంటే తెల్లటి దుప్పట్లు ఏరి ఆరేశాం. భాయి, ఎవరూ అడగకుండానే, పెందలాడే పొయ్యి అంటించాడు. మేనేజరు వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. అప్పుడే ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కున్నాడు, గంజి వాసన కూడా పోలేదు. గాలి లేదు. పార్టీ జెండాలన్నీ కర్రలకు వేలాడుతున్నాయి. భాయి పొయ్యి పొగ, గొట్టంలోంచి లేచి, ఎటు పోవాలో తెలియనట్టు మెల్లగా మా బయలు మీదికే దిగింది. నేను దుప్పట్ల వెంట నడిచాను. ఒక్కొక్కటీ దగ్గరికి పోయి చూశాను. ఏమీ లేదు. మేనేజరు ముక్కు ఎగబీల్చి, “బన్ను వాసన,” అన్నాడు, తనకు తెలియకుండానే.

ఎండ ఎక్కుతోంది. నలుగురం దండేల ముందు కూర్చున్నాం, ఎవరూ దుప్పటి ముట్టుకోకూడదని ఒట్టు. ఆరిన దుప్పటిని చూస్తూ తిరగెయ్యకుండా కూర్చోవడం ఎంత కష్టమో మా పని చేసేవాళ్ళకే తెలుస్తుంది. చిన్నమ్మ చేతులు పైట కింద దాచుకుంది. ఒక క్లిప్పు వంకరగా ఉందని లేవబోతే అమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని కూర్చోబెట్టింది. మేనేజరు స్కూటర్ తాళం తీసి వేలికి తిప్పుకుంటున్నాడు. “ఇంక పోతానమ్మా,” అన్నాడు. నాయన నేల చూస్తున్నాడు.

టీ అంగడి మిద్దె మీది జెండా ఒక అంచు కదిలింది. మళ్ళీ పడిపోయింది. తరవాత అవతలి పార్టీ జెండా. తరవాత కొండ వైపు వీధి అంతా ఒకదాని వెంట ఒకటి లేచి, తూర్పుకు చాచుకున్నాయి. భాయి పొగ మా మీది నుంచి లేచి, వంగి, అటు పక్క పొలాల వైపు పోయింది. మేళం ఉన్నట్టుండి గోడ పక్కనే వాయిస్తున్నంత దగ్గరగా వినపడింది. కొబ్బరి చెట్ల పైన నల్లటి తెర ఒకటి లేచింది. మొదటి పీచు ఎక్కడ పడుతుందా అని దుప్పట్లనే చూస్తున్నాం, అందుకే దాన్ని ఎవరం చూడలేదు. అది మేనేజరు భుజం మీద పడింది. ఆయన అలవాటుగా దులిపాడు. గీతలా సాగింది. ఇంకో చేత్తో తుడిచాడు, అది జేబు దాకా పాకింది. ఆ వెనక దుప్పట్ల మీద, పడమటి మొహం మీద, ఒకటి, రెండు, ఆ తరవాత వరసగా.

మేనేజరు తన చొక్కా చూసుకున్నాడు, దుప్పట్లు చూశాడు, కొబ్బరి చెట్ల వైపు చూశాడు. “నాకు కనపడిందమ్మా,” అన్నాడు నెమ్మదిగా. “కానీ మా సారుకు ఇది నేనెట్లా సెప్పేది? నా నోరు రాదు.”

“నువ్వేం సెప్పొద్దు సారూ,” అంది అమ్మ. “ఆ సొక్కా మార్చుకోకుండా పోయి ఆయన ముందర నిలబడు. సాలు.”

సోమవారం పొద్దున నాయన ఎప్పటి వేళకే మోపెడ్ వేసుకుని వెళ్ళాడు. వచ్చే వేళ దాటింది. అమ్మ తొట్టిలో నీళ్ళు నింపి, నీలిమందు కలిపి, ఊరికే కూర్చుంది. ఎండ గోడ దిగింది. చిన్నమ్మ మూడు మార్లు రోడ్డు దాకా పోయి వచ్చింది. భాయి గోడ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు, లోపల బన్నులు మాడుతున్న వాసన వస్తున్నా కదల్లేదు. చివరికి మోపెడ్ చప్పుడు వినపడింది. మలుపులో ముందు మూట కనిపించింది, తరవాత దాని వెనక నాయన. ఎప్పటికంటే పెద్ద మూట. దాని పైన విడిగా, మడత పెట్టి, మేనేజరు తెల్ల చొక్కా.

“ఏమన్నా సెప్పినారా?” అంది అమ్మ.

“ఏం సెప్పలా. ఇది కూడా ఉతకమన్నారు.”

ఆ మరక పోవడానికి అమ్మకు రెండు రోజులు పట్టింది. ఆ తరవాత మండపం వెనక నిప్పు పెట్టడం ఆగింది, చెత్త బండిలో వెళ్ళేది. అప్పుడప్పుడు ముహూర్తాల రద్దీలో ఒకటో రెండో పీచులు పడేవి, అలాంటి రోజున అమ్మ మసి పడిన దుప్పటి ఒకటి మళ్ళీ ఉతక్కుండా అలాగే మేనేజరుకు పంపేది, మర్నాటికి ఆగిపోయేవి.

ఇక ఈ లెక్కలో నాకు సాయం చేసిన వాళ్ళకు నమస్కారాలు చెప్పుకోవాలి. పుస్తకం గడువు దాటినా అడగని గ్రంథాలయం కళ్ళద్దాల మేడమ్‌కు. కాగితం చింపకుండా తిరిగి ఇచ్చిన గడ్డం అన్నకు, పొడుగు కర్రలు కట్టిన అవతలి పార్టీవాళ్ళకు (ఎవరు గెలిచారో నాకు గుర్తు లేదు, జెండాలు మాత్రం రెండూ గెలిచాయి). నన్ను నమ్మి నన్ను భయపెట్టిన రొట్టెల భాయికి. మేనేజరు సారుకు, ఆయన భుజానికి. నాయనకు. పైట కింద చేతులు దాచుకుని కూర్చున్న చిన్నమ్మకు, ఆమె ఎన్ని రాకెట్లు కలిపి చెప్పుకున్నా సరే. ఒకే ఒక్క మాటతో నా పువ్వు బొమ్మంత పని చేసిన అమ్మకు.

ఇంకొక మనిషి మిగిలింది, సభకు నమస్కారం అని మొదలుపెట్టిన ఆ పిల్ల. ఇప్పుడు ఏదైనా తెలిసిందని గట్టిగా చెప్పే ముందు నేను రెండు మార్లు ఆగుతాను, ఒక్కోసారి ఆగి ఆగి చెప్పడమే మానేస్తాను. ఆమె ఆగేది కాదు. కాగితం పెన్సిలు పట్టుకుని, తల పైకెత్తి, ఎవరి మిద్దె కిందైనా నిలబడేది. ఎప్పుడైనా ఎదురుపడితే ఆమె తప్పులేవీ ఎత్తను. ఈ పూట గాలి ఎటుందమ్మా అని అడుగుతాను. తను చెప్పేదంతా, ఉరుముల సంగతితో సహా, లేచిపోకుండా వింటాను.